ఏరియూరు వరుస కదిలిన సాయంత్రం

కొత్తగా కొన్న సర్వర్‌లో సగం ప్రాసెసర్లు నిద్రపోతూ వస్తాయని చెప్పినప్పుడు మా మేనేజర్ ముందు నవ్వారు, తర్వాత కోప్పడ్డారు. "కొట్టం నిండా ఆవుల్ని కట్టించి, సగం ఆవుల్నే పిండుకోమన్నట్టుంది" అన్నారు. మాది పాల కంపెనీ. అక్కడ పోలికలన్నీ ఆవుల మీదే నడిచేవి.

నిజానికి ఆయన పోలిక అంత తప్పేమీ కాదు. ఆ యంత్రం లోపల ప్రాసెసర్లన్నీ ఉంటాయి. మనం కొన్నవి మాత్రం ఎప్పుడూ మెలకువగా ఉండి పనిచేస్తాయి. మిగతావాటిని పని ఎక్కువైనప్పుడు లేపుకోవచ్చు. మెలకువగా ఉన్నంతసేపటికే బాడుగ. పని తగ్గగానే మళ్ళీ పడుకోబెట్టవచ్చు. ఎప్పుడు లేపాలి, ఎవరి కోసం లేపాలి అన్నది మాత్రం యంత్రానికి తెలియదు. దానికి ఆ సంగతి చెప్పే పని నా మీద పడింది.

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న మీకు ఇదేమీ వింత కాదు. ఎక్కడో దూరాన ఉన్న యంత్రాల బలాన్ని కూర్చున్నచోటి నుంచే పెంచుతారు, తగ్గిస్తారు. అయినా ఈ కథ మీకోసమే రాస్తున్నాను. యంత్రాలు మారాయి కానీ, మేము చేసిన పొరపాటును మీలో కొందరు ఈ వారమే చేస్తూ ఉంటారని నా అనుమానం.

నా గురించి రెండు మాటలు. మాది ధర్మపురి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నా తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు తక్కువ. నేను చిన్నప్పుడు కుప్పంలో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకున్నాను కాబట్టి నాకు రాయడం వచ్చింది. ఆఫీసులో మేమంతా తమిళమే మాట్లాడేవాళ్ళం. ఆ మాటల్ని ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. ఒక్క మనిషితో మాత్రం తెలుగులోనే మాట్లాడేదాన్ని. అతనిది హరూర్. ఊళ్ళలోని పాలసెంటర్లకూ మాకూ మధ్య నెట్‌వర్క్ చూసేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేవాడు. నోరు కొంచెం దురుసు, చెయ్యి మాత్రం చాలా నమ్మకమైనది.

ఇక అసలు సంగతి. అంతకుముందు మా సెంటర్లలో పాలు పోసినవాళ్ళకు ఆ పాలలో వెన్న ఎంత ఉందో, ధర ఎంత పడిందో పది రోజులకొకసారి తెలిసేది. అప్పటికి ఆ పాలు ఎవరి కాఫీలోకో పోయి ఉంటాయి. ఇంక వాదించడానికి ఏముంటుంది? "మా ఆవు పాలు ఇంత పలచన కాదు" అని తగువులు నడిచేవి. మేమంతా మొదలాళి అని పిలిచే యజమాని ఆ తగువులతో విసిగిపోయి ఒక నిర్ణయం తీసుకున్నాడు. పాలు తూచి, పరీక్ష మిషనులో పెట్టిన వెంటనే ఆ అంకెలు ధర్మపురిలోని మా సర్వర్‌కు రావాలి. సర్వర్ ధర కట్టి వెనక్కి పంపాలి. చీటీ అక్కడికక్కడే చేతికి రావాలి. చీటీ చూసి ఇష్టమైతేనే పాలను క్యాన్‌లో పోయాలి, లేకపోతే తిరిగి తీసుకుపోవచ్చు.

మంచి నిర్ణయమే. దాని బరువంతా పడింది మాత్రం పొద్దున ఒక గంటన్నర మీద, సాయంత్రం ఒక గంటన్నర మీద. ఊళ్ళన్నీ ఒకే సమయానికి పాలు పిండుతాయి. మధ్యాహ్నం సర్వర్ గదిలో ఈగల్ని తోలుకోవచ్చు. సాయంత్రమైతే ఊపిరాడదు. అందుకే ఈ నిద్రపోయే ప్రాసెసర్ల యంత్రాన్ని కొన్నారు.

దాన్ని అమర్చడానికి బెంగళూరు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. తెలివైనవాడు, మర్యాదస్థుడు. ఇద్దరం కూర్చుని ఆ రంగంలో అందరూ పెట్టే నియమమే పెట్టాము. యంత్రం మొత్తం మీద పని ఒక గీత దాటితే ఒక ప్రాసెసర్‌ను లేపు, ఇంకా దాటితే ఇంకొకటి లేపు, తగ్గితే పడుకోబెట్టు. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంది. ముందుగా కారిమంగళం వైపు సెంటర్లనూ, పెన్నాగరం వైపు కొన్నింటినీ కలిపి పరీక్షకు దిగాము.

మొదటి సాయంత్రం ప్రాసెసర్లు చక్కగా లేచాయి. స్క్రీన్ మీద ఒక్కొక్కటే పచ్చగా వెలుగుతుంటే బెంగళూరు ఇంజనీరు నాకు చెయ్యి కలిపాడు. మేనేజర్ మిఠాయి తెప్పించారు. మేమది తింటుండగానే నెట్‌వర్క్ తమ్ముడికి సెంటర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. చీటీలు రావడం లేదు. వస్తున్నా పాత యంత్రం మీద కంటే నిదానం.

మరుసటి రోజూ అంతే, ఆ వారమంతా అంతే. ప్రాసెసర్లన్నీ మెలకువగా ఉన్నాయి, బాడుగ నడుస్తూనే ఉంది, చీటీలు మాత్రం కదలడం లేదు. ఇంజనీరు నెట్‌వర్క్ బాగాలేదన్నాడు. తమ్ముడు సర్వర్ బాగాలేదన్నాడు. మేనేజర్ మేమెవరమూ బాగాలేమన్నారు.

ఆ ఆదివారం ఏరియూరులో మా మేనత్త మనవరాలికి చెవులు కుట్టించారు. వేడుకకు వెళ్ళాను. భోజనాలైన తర్వాత, పొద్దు వాలుతుండగా, అత్త పాల బిందె ఒక చేత్తో, నా చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుంది.

"రా మే, నీ కంప్యూటరు ఎట్ల పని చేస్తా ఉందో చూద్దువు గాని."

సెంటరు ముందు వరుస గుడి మలుపు దాకా ఉంది. నేను ఆ కంపెనీలో పని చేస్తానని అత్త అందరికీ గొప్పగా చెప్పి ఉన్నట్టుంది. ఇప్పుడు మాత్రం ఆ సంగతి నెమ్మదిగా దాచుకుంటూ నన్ను వరుస చివరన నిలబెట్టింది. ముందున్న ఒకావిడ బిందె కింద పెట్టి దాని పక్కనే కూర్చుంది. ఎవరి దూడో ఇంటి దగ్గర అరుస్తున్నది ఇక్కడికి వినబడుతోంది.

"పాలు పోసేదానికి ఇంత నేరమా?" అంది అత్త. "ముందైతే పోసినాము, పోయినాము. ఇప్పుడు చీటీ వచ్చేదాకా నిలబడాల. అవతల సైకిలు మీద వచ్చేటోడు చీటీ అడగడు, ఏమీ అడగడు. సగం మంది వానికే పోస్తా ఉండారు."

మా వైపు తెలుగులో నేరమంటే సమయం. తమిళం నుంచి వచ్చి మా మాటల్లో కలిసిపోయింది. ఆ రోజు మాత్రం ఆ మాట నాకు రెండర్థాల్లోనూ తగిలింది.

వరుసలో నిలబడి పాలు పోసే మనుషుల్నే చూస్తున్నాను. బిందె ఎత్తి తూకం బకెట్లో వంచుతారు. అడుగున ఉన్న చివరి చుక్కలు పడేదాకా దులుపుతారు. అంచును చీర చెంగుతో తుడుచుకుంటారు. అప్పటికి చీటీ రావాలి. రాలేదు. తల ఎత్తి మిషను వైపు చూస్తారు. సెంటరు అతను "వస్తాదమ్మా" అంటాడు. ఇక అక్కడి నుంచి అందరూ ఊరికే నిలబడతారు.

మా ఆఫీసులో మేము ఇన్నాళ్ళూ చూస్తున్నది ఈ నిలబడటాన్ని కాదు. యంత్రం ఎంత కష్టపడుతోందో మాత్రమే చూస్తున్నాము. కష్టపడుతోంది సరే, ఎవరి కోసం కష్టపడుతోంది?

అక్కడి నుంచే తమ్ముడికి ఫోన్ చేశాను. అతను డ్యూటీలో ఉన్నాడు.

"ఇప్పుడు సర్వర్‌లో అన్నింటికంటే ఎక్కువ తింటా ఉండేది ఏది, చూడు."

కొంచెంసేపటికి చెప్పాడు. "రిపోర్టులక్కా. మొదలాళి గదిలో పెద్ద స్క్రీను ఉండాది చూడు, దానికి పోయేవి. ఒకసారి ముగిసిన వెంటనే మళ్ళీ మొదలుపెడతా ఉంది."

"కొంచెంసేపు దాన్ని ఆపు."

"రిపోర్టులు ఆపితే సార్ నన్ను ఆపేస్తాడు."

"ఆపు నాయనా. నేను చెప్పినానని చెప్పు."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని మిషను వైపు చూశాను. చీటీ ఒకటి బయటికి వచ్చింది. వెనకే ఇంకొకటి. కింద కూర్చున్నావిడ బిందె ఎత్తుకుని లేచింది. వరుస ఒక్కసారిగా కదిలేసరికి వెనకున్నవాళ్ళు నన్ను ముందుకు తోశారు.

అత్త నా వైపు అనుమానంగా చూసింది. "ఇప్పుడేమి చేసినావు?"

"ఏమీ చేయలేదత్తా. ఒకాయన్ని పక్కన కూర్చోమన్నాను."

"మొదటనే చెప్పుంటే ఏమి?"

చెవులు కుట్టించుకున్న పాప ఏడుపు ఆగేలోపే బస్సెక్కి ధర్మపురికి వచ్చేశాను.

జరిగింది ఇది. యజమాని గదిలోని స్క్రీన్ కోసం రాసిన రిపోర్టుల ప్రోగ్రాముకు ఎంత బలం ఇస్తే అంతా మింగే గుణం ఉంది. ప్రాసెసర్లు మెలకువగా ఉంటే అది ఇంకా త్వరగా ముగించి, ఇంకా త్వరగా మొదలుపెడుతుంది. అది యంత్రాన్ని నింపేస్తుంది. యంత్రం నిండింది కాబట్టి మా నియమం ఇంకో ప్రాసెసర్‌ను లేపుతుంది. దాన్నీ అదే మింగుతుంది. పాల చీటీకి, రిపోర్టుకు మేము ఒకే మర్యాద ఇచ్చాము. వంటింటి వాకిట్లో ఏనుగునూ పిల్లినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి, విస్తళ్ళు ఖాళీ అవుతున్నాయి కాబట్టి వంట బాగా సాగుతోందని మురిసిపోయాము.

సోమవారం పొద్దున బెంగళూరు ఇంజనీరుతో నా పంతం మొదలైంది. యంత్రం ఎంత నిండిందన్నదాన్ని బట్టి ప్రాసెసర్లను లేపవద్దన్నాను. చీటీ ఎంత ఆలస్యమవుతోందన్నదాన్ని బట్టే లేపాలి. లేచిన ప్రాసెసర్ ముందు చీటీలకే పోవాలి. చీటీలు సమయానికి వెళుతున్నప్పుడు మిగిలిందేదో అదే సర్వర్‌లో నడిచే పశువుల దాణా లెక్కలు తీసుకోవచ్చు, ఆ మిగిలిందాంట్లో రిపోర్టులు.

"అలా పెట్టవచ్చు, మేడమ్" అన్నాడు అతను. "కానీ లక్ష్యం ఒక అంకెగా కావాలి. చీటీ ఎంతలోపల రావాలి?"

"బిందె వంచి, దులిపి, అంచు తుడుచుకునేలోపల."

"స్క్రీన్ మీది ఆ పెట్టెలో అంకే టైపు చేయాలి, మేడమ్."

అంకె కోసం మేము చేసిన పనిని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. క్యాంటీన్ నుంచి బిందె తెప్పించి నీళ్ళు నింపాము. తమ్ముడు దాన్ని బకెట్లో వంచాడు. మేనేజర్ చేతిగడియారం పట్టుకుని నిలబడ్డారు. మగవాడు వంచితే సమయం సరిగ్గా రాదని నేను తగువు పెట్టుకుని, చెంగు దోపుకుని నేనే వంచాను. గది నేలంతా నీళ్ళు. బెంగళూరు ఇంజనీరు బూట్లు విప్పి కుర్చీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే అటువైపు వచ్చిన మొదలాళి గుమ్మంలో ఆగి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు. వచ్చిన అంకెను పెట్టెలో టైపు చేశాము.

మేనేజర్ ఒక్క షరతు పెట్టారు. చివరి రెండు ప్రాసెసర్లను యంత్రం తనంతట తాను లేపకూడదు. తన మాట అయిన తర్వాతే లేపాలి. బాడుగ చేయి దాటిపోతుందని ఆయన భయం. సబబే అనిపించి ఒప్పుకున్నాను.

కొత్త నియమంతో పరీక్ష బాగా నడిచింది. అది చూసి మేనేజర్‌కు ధైర్యం వచ్చి అన్ని సెంటర్లనూ ఒకేరోజు కలిపేద్దామన్నారు. దానికి ఆయన ఎంచుకున్న రోజు, మా కంపెనీలో భాగస్వాములుగా చేరాలని చూస్తున్న ముంబయి వాళ్ళు వచ్చే రోజు. యజమాని గదిలో పెద్ద స్క్రీన్ మీద జిల్లా పటం, ఒక్కొక్క ఊరి పాలు వస్తుంటే అక్కడ ఒక్కొక్క చుక్క వెలగడం, అదంతా వాళ్ళకు చూపించాలని ఆయన ఆశ. ఆ చుక్కల్ని వెలిగించేది ఆ రిపోర్టుల ప్రోగ్రామే.

"సార్, ఆ రోజు వద్దు" అన్నాను.

"ఆ రోజు కాకపోతే ఇంకేరోజు, మేడమ్? పెళ్ళికొడుకు వచ్చినప్పుడే కదా పిల్లను చూపించాలి?"

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎండ మండిపోయింది. తర్వాత పెన్నాగరం కొండల వైపు ఆకాశం నల్లబడింది. ఊళ్ళలో పాలు పిండడం మొదలైన కొంచెంసేపటికే అక్కడ గాలివాన కొట్టి ఆ వైపంతా కరెంటు పోయింది. హరూర్ వైపు, కారిమంగళం వైపు సెంటర్లు మాత్రం మామూలుగా నడుస్తున్నాయి. చీటీలు లక్ష్యం లోపలే వెళుతున్నాయి. యజమాని గదిలో చుక్కలు వెలుగుతున్నాయి. ముంబయి వాళ్ళు కాఫీ తాగుతున్నారు.

సర్వర్ గదిలో నా స్క్రీన్ మీదకూ వచ్చే ఆ పటంలో, నా కళ్ళు మాత్రం వెలగని మూల మీదే ఉన్నాయి. అక్కడ పాలు పిండి బిందెల్లో ఉన్నాయి. సెంటర్లలో లైను లేదు కాబట్టి చీటీ లేదు, చీటీ లేకుండా పాలు తీసుకోకూడదు. ఆ రోజు వేడికి, చల్లబరచని పాలు ఎంతసేపు ఆగుతాయో మా కంపెనీలో ఊడ్చేవాళ్ళకు కూడా తెలుసు.

తమ్ముడు ఒక్కొక్క సెంటరుకు ఫోన్ చేస్తున్నాడు. "అందరూ వచ్చి వరండాలో నిలబడుండారంటక్కా. తిరిగిపోయేదానికి వాన. సైకిలోడు కూడా రాలేదంట."

అంటే కరెంటు రాగానే అన్ని ఊళ్ళూ, అందరి బిందెలూ ఒకేసారి. మామూలు రోజున గంటన్నరలో పరుచుకునే పని ఒక్క గుక్కలో మీద పడుతుంది. అలాంటి సాయంత్రాన్ని మేము ఏ పరీక్షలోనూ చూడలేదు.

పొద్దు గుంకేముందు కరెంటు వచ్చింది. పటంలో చీకటి మూల ఒక్కసారి మిలమిలలాడింది, మరుక్షణం చీటీల ఆలస్యం చూపే గీత పైకి లేచింది. నిద్రలో ఉన్న ప్రాసెసర్లలో ఒకటి లేచింది, రెండోది లేచింది, మూడోది లేచింది. లేచినదల్లా నేరుగా చీటీలకే పోయింది. రిపోర్టులు పక్కకు తప్పుకున్నాయి. నేను కోరుకున్నట్టే జరుగుతోంది. అయినా గీత దిగడం లేదు. యంత్రం తనంతట తాను లేపగలిగినవన్నీ లేపేసి, మేనేజర్ దాచుకున్న రెండింటి ముందు ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే మేనేజర్ సర్వర్ గదిలోకి పరుగున వచ్చారు.

"మేడమ్, పటం ఆగిపోయింది. చుక్కలు కదలడం లేదు. వాళ్ళు స్క్రీన్ వంకే చూస్తున్నారు."

"తెలుసు సార్. నేనే ఆపినట్టు లెక్క."

"రిపోర్టులకు కొంచెం బలం ఇవ్వండి. పది నిమిషాలు చాలు. వాళ్ళు వెళ్ళిపోతారు."

"ఇస్తే చీటీలు ఆగుతాయి. ఆ రెండింటిని లేపమని మీరొక్క మాట చెప్పండి సార్. చీటీలకే ఇస్తాను, రిపోర్టులకు కాదు."

"బాడుగా పెంచాలి, స్క్రీనూ ఆగిపోయి ఉండాలి. నేను లోపలికి పోయి ఏం చెప్పను?"

ఆయన చెడ్డమనిషి కాదు. ఆ గదిలో ఆయన పరువు ఉంది. నా ఉద్యోగంలో పైవాళ్ళ మాటను నేను ముఖం మీద కాదన్న సందర్భాలు తక్కువ. అయినా చేతులు కీబోర్డు మీద నుంచి తీయలేదు.

"పాలు వేచి ఉండలేవు సార్. పటం వేచి ఉంటుంది."

ఆయన జవాబు చెప్పేలోపల గుమ్మంలో మొదలాళి కనబడ్డాడు. ముంబయి వాళ్ళను గదిలో వదిలి తనే వచ్చాడు. మనిషి పొట్టి, గొంతు ఎప్పుడూ పెంచడు. ఏమయిందని అడిగాడు. మేనేజర్ ఒక రకంగా చెప్పారు, నేను ఇంకో రకంగా చెప్పాను. రెండూ విని, ఆయన తమ్ముడి వైపు తిరిగాడు.

"ఏరియూరులో పాలు పిండి ఎంతసేపయింది?"

"కరెంటు పోకముందే పిండినారు అయ్యా. ఇదిగో, లైన్లోనే ఉండారు."

తమ్ముడు ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టాడు. గదిలోకి ఏరియూరు వచ్చింది. వాన చుక్కలు రేకుల మీద పడుతున్నాయి. క్యాన్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. పదిమంది ఆడవాళ్ళు ఒకేసారి మాట్లాడుతున్నారు. అందులో ఒక గొంతు నాకు బాగా తెలిసిందే.

"ఇంకొంచెంసేపు చూసి పారబోసి పోతాను. రేపటి నుంచి ఈ సెంటరే వద్దు."

మొదలాళికి తెలుగు వచ్చో రాదో నాకు తెలియదు. ఆ మాట అర్థం కావడానికి భాష అక్కర్లేదనుకుంటాను.

"రెండూ లేపండి" అన్నాడు.

లేపాను. అవి లేవడానికి పట్టిన ఆ కాస్త సమయం నాకు ఇప్పటికీ గుర్తుంది. నా భయమల్లా ఒకటే. మళ్ళీ ఆ ఏనుగు వచ్చి విస్తరి లాగేసుకుంటుందా? నియమం మేమే రాశాము, పరీక్ష మేమే చేశాము, అయినా ఇంత బరువు కింద అది నిలబడుతుందని ఎవరు చెప్పగలరు? మొదటిది లేచింది. చీటీలకు పోయింది. రెండోది లేచింది. చీటీలకే పోయింది. రిపోర్టుల గీత నేలకు అంటుకుని ఉండిపోయింది. పైనున్న గీత వంగింది. వంగి, వంగి, మేము నీళ్ళ బిందెతో కొలిచి పెట్టిన గీత కిందికి దిగింది.

ఫోన్‌లో ముందు చీటీ మిషను చప్పుడు వినబడింది. తర్వాత "ఊఁ, పోయండి పోయండి" అన్న సెంటరు అతని గొంతు. తర్వాత పాలు క్యాన్‌లో పడే చప్పుడు. ఒక్కటి కాదు, ఆగకుండా.

"వరుస కదల్తా ఉందక్కా" అన్నాడు తమ్ముడు. ఫోన్‌ను ఇంకా పైకెత్తి పట్టుకున్నాడు.

అప్పుడు మొదలాళి చేసిన పని మేమెవరం ఊహించలేదు. తమ్ముడి చేతిలోంచి ఫోన్ తీసుకుని, అలాగే స్పీకర్‌తో, ముంబయి వాళ్ళ గదిలోకి నడిచాడు. వెనకే మేనేజర్, ఆ వెనక మేము. ఆగిపోయిన స్క్రీన్ కింద, బల్ల మధ్యలో ఫోన్ పెట్టాడు.

"మీకు చుక్కలు చూపిద్దామనుకున్నాను" అన్నాడు తనకు వచ్చిన ఇంగ్లీషులో. "చుక్కలు ఇప్పుడు పనిలో ఉన్నాయి. ఇది వినండి."

వాళ్ళు విన్నారు. బిందెలు, క్యాన్లు, వాన, ఆడవాళ్ళ మాటలు. వాళ్ళలో పెద్దావిడ ఒకామె ముందుకు వంగి, అది ఎంత దూరమని అడిగింది. చెప్పాము. వాన వల్ల ఆగిపోయిన ఊళ్ళన్నీ ఇప్పుడు ఒకేసారి పోస్తున్నాయా అని అడిగింది. అవునన్నాము. ఇంత పనికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే యంత్రం కొన్నారా అంది. ఆ ప్రశ్నకు మేనేజర్ ముందుకొచ్చి జవాబు చెప్పారు. నిద్రపోయే ప్రాసెసర్ల గురించి, వాటిని ఎవరి కోసం లేపాలో చెప్పడం గురించి, ఆఖరికి నీళ్ళ బిందె గురించి కూడా ఎంత చక్కగా చెప్పారంటే, నేను చెప్పినా అంత బాగా చెప్పలేను. మధ్యలో రెండుసార్లు "మా మేడమ్" అన్నారు. ఐదు నిమిషాల క్రితం నాతో తగువు పడిన మనిషి ఆయనేనని నేనూ మర్చిపోయాను, ఆయనా మర్చిపోయారు. మంచి సహోద్యోగులు ఇలాగే ఉంటారు.

ముంబయి వాళ్ళు చేరారు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆ నియమం పెద్దగా మార్పు లేకుండా నడిచింది. మా కంపెనీ ఇతర జిల్లాల్లో తెరిచిన చోటల్లా అదే పెట్టారు. బెంగళూరు ఇంజనీరు తన కొత్త జట్టును మా దగ్గరికి తీసుకొచ్చి చూపించాడు. వాళ్ళు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, యంత్రం ఎంత శాతం నిండితే ప్రాసెసర్‌ను లేపుతారు అని. నేను వాళ్ళను ఒక సాయంత్రం సెంటరుకు తీసుకుపోయి వరుసలో నిలబెట్టాను. మీకూ అంతకంటే చెప్పగలిగింది నా దగ్గర లేదు. మీ యంత్రం అవతల ఎవరో ఒకరు బిందె పట్టుకుని నిలబడి ఉంటారు. లక్ష్యం రాసేముందు ఒక్కసారి పోయి వాళ్ళ వెనక నిలబడండి.

కానీ ఆ రోజు ఇంకా ముగియలేదు. చీటీలు వెళ్ళినంత మాత్రాన పాలు బతికినట్టు కాదు. పెన్నాగరం వైపు పాలన్నీ ఆలస్యంగా బయలుదేరాయి. ముంబయి వాళ్ళు వెళ్ళిన తర్వాత తమ్ముడూ నేనూ ఇంటికి పోకుండా, ట్యాంకర్లు ఆగే చోటికి వెళ్ళి నిలబడ్డాము. ప్రాసెసర్లు అప్పటికే ఒకదాని తర్వాత ఒకటి తమంతట తాము పడుకున్నాయి. వాటికి ఇంక దిగులు లేదు, మాకే ఉంది.

ఏరియూరు దారి ట్యాంకరు బురద కొట్టుకుని వచ్చింది. ల్యాబ్ అతను పైకెక్కి, గరిటెతో పాలు తీసి గాజు గొట్టంలో పోసుకుని దిగాడు. ఆ పాలను మంట మీద కాస్తారు. పాలు పాతబడి ఉంటే ఆ వేడికి విరిగి, గాజుకు పలుకులు పలుకులుగా అంటుకుంటాయి. అప్పుడు ట్యాంకరు మొత్తాన్ని వెనక్కి పంపాల్సిందే. అతను గొట్టాన్ని మంట మీద పట్టుకున్నాడు. పాలు నురగతో పైకి లేచాయి. గొట్టాన్ని మెల్లగా వంచి, పాలు గాజు మీదుగా జారుతుంటే దీపానికి ఎదురుగా పెట్టి చూశాడు. ఒకసారి తిప్పి, ఇంకోసారి చూశాడు. నేను అతని ముఖం చూస్తున్నాను కానీ, అందులో ఏమీ తెలియడం లేదు.

గాజు తెల్లగా, నున్నగా ఉంది.

"తీసుకోండి" అని పైపు దగ్గర ఉన్నవాళ్ళకు కేకవేశాడు.

పైపు తెరిచారు. పాలు లోపలికి పోతున్న చప్పుడు మొదలైంది.

"పోదామా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఉండు" అన్నాను. "ఖాళీ అయ్యేదాకా చూసి పోదాము."